రైలంత సంఖ్య

ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను అనొద్దు. ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. మా ఇంట్లో కనిపించిన బల్లి నేను వీధి గుమ్మం దాటేసరికి ఉడుమవుతుంది, టీ కొట్టు చేరేసరికి మొసలవుతుంది, టీ గ్లాసు కింద పెట్టేసరికి దాన్ని నేను ఒంటిచేత్తో పట్టుకెళ్ళి సముద్రంలో వదిలి వచ్చి ఉంటాను. మా ఆవిడ నేనేం చెప్పినా సగానికి కోసి వింటుంది. మీరూ అదే చెయ్యండి. ఒక్క లెక్కల దగ్గర మాత్రం కోయక్కర్లేదు. అంకెలు నా మాట వినవు. నేనెంత ఊదినా ఏడేళ్ళు నలభై తొమ్మిది దగ్గరే ఆగిపోతుంది, నా ముఖం చూసి యాభై అవదు.

మొన్న రైల్వే గేటు దగ్గర చిక్కుకుపోయాను. గూడ్సు బండి వెళుతోంది. దాని పొడవు చెప్పను, ఎలాగూ కోసేస్తారు. పెట్టె తర్వాత పెట్టె కళ్ళ ముందు నుంచి పోతూంటే నా పెదాలు వాటంతటవే కదలడం మొదలుపెట్టాయి. పక్కన ఆటో అతను కాసేపు నన్నే చూసి, "ఏటి బాబూ, దండకమేటైనా సదువుతన్నారా?" అన్నాడు. ఆగమని చెయ్యి అడ్డం పెట్టాను. చివరి గార్డు పెట్టె దాటాక, "నాలుగు మిగిలింది" అన్నాను.

"ఏటి మిగిలింది?"

"నాలుగు."

అతను నా నెత్తి వైపు చూశాడు. అక్కడ మిగిలిన వెంట్రుకల గురించి అనుకున్నట్టున్నాడు. పాపం, ఇంకేమీ అడగకుండా ఆటో స్టార్ట్ చేసుకున్నాడు. ఆ నాలుగు ఎక్కడి నుంచి వచ్చిందో అతనికి చెప్పాలంటే గేటు మళ్ళీ పడాలి. మీకు తీరికుంది కాబట్టి మీకు చెబుతాను.

నా చిన్నప్పుడు మేముండే పోర్టు క్వార్టర్స్ వెనకే ఇనపరాయి రైళ్ళ లైను ఉండేది. ఎక్కడో కొండల్లో తవ్విన ఎర్రరాయి ఆ లైను మీదే ఓడల దగ్గరికి పోయేది. పోతూ పోతూ తన పొడిని మా మీద దులిపి పోయేది. మా తెల్లచొక్కాలు ఎరుపు, ఆరబెట్టిన వడియాలు ఎరుపు, తోడుపెట్టిన పెరుగు లేత ఎరుపు. మా కాకులు కూడా ఎర్రగానే ఉండేవి. తొలకరి చినుకు పడితే ఊళ్ళో అందరికీ మట్టివాసన వస్తే, మాకు కాలిన పెనం మీద నీళ్ళు చల్లిన వాసన వచ్చేది. దాని మీదుగా చేపలరేవు గాలి, మా అత్త వేపే ఎండు నెత్తళ్ళ ఘాటు. ఈ మూడూ కలిసిన వాసన ఎక్కడైనా తగిలితే నాకు ఇప్పటికీ ఆకలేస్తుంది. మా ఆవిడకి వాంతి వస్తుంది.

లైనుకి ఇటు పక్క మేము. ఎలమంచిలి, సబ్బవరం చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చి పోర్టులో పని దొరికిన వాళ్ళం. అటు పక్క వరసలో గోదావరి, కృష్ణా జిల్లాల నుంచి ఉద్యోగాలకు వచ్చినవాళ్ళు. వాళ్ళని మేము అటు లైను అనేవాళ్ళం, వాళ్ళూ మమ్మల్ని అదే అనేవాళ్ళు. వాళ్ళు కుక్కని అదిలించినా "పోండి" అంటారని మా వాళ్ళ వేళాకోళం. మేము మాట్లాడుతూంటే రేడియో స్టేషను తిప్పుతున్నట్టు ఉంటుందని వాళ్ళ ఎత్తిపొడుపు. అయినా అటు నుంచి బెల్లం ఆవకాయ, ఇటు నుంచి చోడిపిండి అట్లు, అదే రాగట్లు, పట్టాలు దాటుతూనే ఉండేవి.

ఓడల దగ్గర చోటు లేకపోతే రైలు మా వెనకాల సిగ్నలు దగ్గర ఆగిపోయేది. ప్రతి పెట్టెకీ రెండు పక్కలా తెల్లరంగుతో నంబరు. రెండు లైన్ల పిల్లలదీ ఒకటే ఆట. ప్రతి పెట్టె నంబరులోంచీ ఆఖరి అంకె ఒక్కటే తీసుకోవాలి. వాటిని వరసగా పక్కపక్కన పెడితే రైలంత పొడుగు సంఖ్య తయారవుతుంది. దాన్ని తొమ్మిదితో భాగిస్తే ఎంత మిగులుతుందో రైలు కదిలే లోపల చెప్పాలి.

ఆ సంఖ్య ఎంత పెద్దదో చెప్పే దగ్గర నా కోతలు కూడా చాలవు. మా తాత వేళ్ళు మడుస్తూ వందలు, వేలు, లక్షలు, కోట్లు దాటి, అర్బుదం, ఖర్వం, పద్మం అంటూ పోయి పరార్ధం దగ్గర ఆగిపోయేవాడు. అక్కడికి పద్దెనిమిది అంకెలు. పేర్లు అయిపోయాయి, రైలు ఇంకా సగం కూడా అవలేదు.

"మరి మిగిలిన పెట్టెలకి పేరేటి తాతా?" అంటే, "ఆటికి పేర్లేవురా. దండం ఎట్టీసి ఊరుకోడమే" అనేవాడు.

సముద్రపు ఒడ్డున ఉన్న ఇసకంతా రేణువు రేణువు లెక్కపెట్టినా ఆ సంఖ్యకి ఒక మూలకి కూడా రాదు. ఇది నిజంగా నిజం. నా కంటే పెద్ద కోతలు కోసేది ఒకటుందని అప్పుడే తెలిసింది నాకు.

అంత భూతమూ తొమ్మిది ముందు పిల్లి. అంకెలు కూడుకుంటూ పోవడం, తొమ్మిది దాటగానే తొమ్మిది తీసి పారెయ్యడం. ఏడూ ఐదూ పన్నెండు, తొమ్మిది పారెయ్, మూడు. రైలు చివరికి చేతిలో ఏది ఉంటే అదే జవాబు. పదకొండుతో పోతుందో లేదో చెప్పడానికి ఇంకో కిటుకు: ఒక అంకె కలుపు, తర్వాతది తియ్యి, ఆఖరికి సున్నా గానీ పదకొండో ఎక్కంలోది గానీ తేలితే పోయినట్టే. ఇటు నుంచి మేము "ఆరు!" అని అరిస్తే పెట్టెల మీదుగా అటు నుంచి "ఆరేనండీ!" అని వినిపించేది. ఎప్పుడైనా కలవకపోతే ఎవరో కూడికలో జారినట్టు. అటు లైను కుర్రాడొకడు ఓడిపోతానన్న కసితో సున్నంముక్కతో ఒక పెట్టె మీది మూడుని ఎనిమిది చేశాడు. ఆ పెట్టె ఇప్పటికీ దొంగపేరుతో దేశమంతా తిరుగుతూనే ఉండాలి.

ఏడుతో మాత్రం ఎవరూ పెట్టుకునేవాళ్ళు కాదు. ఏడుకి కిటుకు లేదు. కూడినా లొంగదు, తీసినా లొంగదు.

ఇప్పుడు బావ గురించి చెప్పాలి. మా మావయ్య కొడుకు, నాకంటే నాలుగేళ్ళు పెద్ద. మతిమరుపులో అతనికి ఈ తీరంలో జోడీ లేడు. కొత్తిమీర తెమ్మంటే కిరసనాయిలు తెచ్చేవాడు. సబ్బవరంలో పెళ్ళికి తన నాన్నమ్మని వెంటబెట్టుకుని వెళ్ళి, పెళ్ళిలో పెట్టిన అరటిపళ్ళు భద్రంగా పట్టుకుని ఒక్కడే తిరిగొచ్చాడు. నాన్నమ్మ బస్టాండులో సాయంత్రం దాకా కూర్చుని, కండక్టర్లందరి చేతా కాళ్ళకి దండం పెట్టించుకుని మరీ వచ్చింది. అలాంటివాడు ఎక్కాలు గుర్తుపెట్టుకుని పదో తరగతి లెక్కల్లో పాసవుతాడని ఎవరూ అనుకోలేదు. అవలేదు కూడా.

మావయ్య పోర్టులో క్రేను నడిపేవాడు. పొట్టి మనిషి, గొంతు మాత్రం ఓడ కూతంత. ఫలితాలొచ్చిన రోజు చొక్కా విప్పకుండానే తీర్పు చెప్పేశాడు.

"పది తప్పినోడికి ఐటీఐలో సీటు ఎవుడిత్తాడు? ఆషాడం ఎల్లగానే తగరపువలస. అక్కడ గోనెసంచుల కొట్టులో మనోడున్నాడు. సంచులు మడతెట్టుకుని బతుకుతాడు."

"నాన్నా, సెప్టెంబర్లో మళ్ళీ రాత్తాను" అన్నాడు బావ.

"ఏటి రాత్తావు? కొత్తిమీర తెమ్మంటే కిరసనాయిలు తెచ్చినోడివి."

"ఆ పూట ఇంట్లో కిరసనాయిలు కూడా లేదులే" అంది అత్త వంటింట్లోంచి.

"నువ్వు మద్దిన మాటాడకు."

బావకి ఒకటే పట్టుదల. స్టీలు ప్లాంటు వస్తోందని ఊరంతా అనుకుంటున్న రోజులు. ఐటీఐ చదివినవాడికి అందులో చోటుంటుందని ఎవరో చెప్పారు. అన్నీ మర్చిపోయే మనిషి ఆ ఒక్క మాట మర్చిపోలేదు. "కొలుములు ఎలిగించే నాటికి నాను లోపలుండాల్రా" అనేవాడు నాతో. గోనెసంచుల ధూళి తలుచుకుంటే చాలు, మనిషి ముడుచుకుపోయేవాడు.

ఆ ఆషాఢంలో రోజూ రైలు పక్కనే కూర్చునేవాడు. ఒకరోజు బొగ్గుముక్కతో క్వార్టర్ల వెనక గోడ మీద రైలు సంఖ్య మొత్తం రాసి ఏడుతో భాగించడం మొదలుపెట్టాడు. నేను పక్కనే ముంజలు జుర్రుకుంటూ, గోడ చాలక తగరపువలస దాకా రాస్తాడేమోనని ఎదురుచూస్తున్నాను. ఉన్నట్టుండి ఆగిపోయాడు.

"ఒరే, ఎనకటి పెట్టెలతోటి మనకి పనేటిరా?"

"ఏ పెట్టెలు?"

"సూడు. మొదటి పెట్టె నాలుగు. పక్కది ఒకటి. నలభై ఒకటి. ఏడైదులు ముప్పై ఐదు పోతే ఆరు. ఇంక ఆ నాలుగూ ఒకటీ ఎవడిక్కావాల? ఆరు పట్టుకో చాలు. మూడో పెట్టె ఎనిమిది. ఆరు పక్కన ఎనిమిదెట్టు, అరవై ఎనిమిది. ఏడు తొమ్మిదులు అరవై మూడు పోతే ఐదు. ఆరుని కూడా మర్చిపో. తర్వాత పెట్టె రెండు. యాభై రెండు. మూడు మిగిలింది."

"అయితే?"

"అయితే ఏటేటి గుంటడా! రైలెంత పొడుగుంటే నాకేటి? నా సేతిలో ఎప్పుడూ ఒకటే అంకె ఉంటాది. మర్సిపోడం నాకు సేతకాదేటి?"

ఏడో ఎక్కం ఒక్కటి వస్తే చాలు, మిగిలిందంతా మర్చిపోవడమే. ఇంతకంటే బావకి తగిన లెక్క దేవుడు కూడా తయారు చెయ్యలేడు. భాగహారం అందరూ చేస్తారు. చేసేది ఇదేనని గమనించడానికి మాత్రం మతిమరుపు మనిషి కావలసి వచ్చాడు.

అక్కడి నుంచి ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. బస్సు టిక్కెట్టు, లారీ నంబరు, అగ్గిపెట్టె మీది అంకెలు, ఏది కనిపిస్తే దాన్ని ఏడుతో నమిలేవాడు. అంబలి తాగుతూ "ఐదు... రెండు... సున్నా" అని గొణుగుతూంటే అత్త హడలిపోయింది. గాలి సోకిందని పాత టౌన్లో తాయెత్తులు కట్టే ముసలి సాయిబు దగ్గరికి లాక్కుపోయింది. తోడు నేనూ వెళ్ళాను. ఆయన తాళాలు బాగు చేసే మనిషి, తాయెత్తులు పక్క వ్యాపారం. బావ గొణుగుడు కాసేపు చెవి ఒగ్గి విన్నాడు.

"బేటా, ఏం చదువుతున్నావ్?"

"మీ గుమ్మం మీద పెయింటుతో నంబరుంది కదా. ఏడుతో పోదు. ఒకటి మిగుల్తాది."

సాయిబు గుమ్మం చూసి, నోట్లో లెక్క చూసుకుని, తాయెత్తు మళ్ళీ డబ్బాలో పెట్టేశాడు. "అమ్మా, దీనికి నా దగ్గర మందు లేదు. ఉన్నా నేనివ్వను. వెళ్ళి కడుపునిండా తిండి పెట్టు" అన్నాడు. దారిలో అత్త మా ఇద్దరికీ మరమరాల మురీ మిక్చరు కొనిపెట్టింది. అందులో పల్లీలు కూడా బావ ఏడేసి ఏడేసి తిన్నాడు.

మావయ్య ఇవన్నీ చూస్తూనే ఉన్నాడు. ఆషాఢం అయిపోవస్తుండగా ఒక రాత్రి కంచం ముందు కూర్చుని, "ఒక్క రైలు" అన్నాడు. "ఆదోరం వచ్చే మొదటి రైలు. ఏడుతోటి. తప్పు సెప్పేవా, సోమారం పొద్దున్న బస్సెక్కాల."

"రైటు సెప్తే?"

"సెప్టెంబరు రాసుకో."

"నువ్వు మాట తప్పకూడదు."

"నాను తప్పను. నువ్వు తప్పకు."

తీర్పరిగా మావయ్య అటు లైనులో పిల్లలందరం పిన్నిగారని పిలిచే ఆవిడని అడిగాడు. ఇటువాళ్ళయితే జాలిపడి బావ వైపు మొగ్గుతారని ఆయన అనుమానం. పిన్నిగారు స్కూలు ఫైనల్లో లెక్కల్లో నూటికి నూరు తెచ్చుకున్న మనిషి. ఒకసారి తొంభై తొమ్మిదే వస్తే మాస్టారే ఇంటికొచ్చి క్షమాపణ చెప్పారనేవారు. ఇది ఆవిడ అతిశయోక్తి, నాది కాదు.

ఆదివారం పొద్దున్న రైలొచ్చి ఆగింది. రాత్రి కురిసిన వానకి ఎర్రపొడి అణిగి, నేల అలికినట్టు ఉంది. పిన్నిగారు కాగితం ముట్టుకోలేదు. రైలంత కాగితం ఎక్కడ దొరుకుతుంది? ఆవిడ మాట మీద అటు లైను ఆడపిల్లలందరూ ముగ్గు బుట్టలు తెచ్చారు. ఎవరి ఎదురుగా ఏ పెట్టె ఉంటే దాని ఆఖరి అంకెని వాళ్ళు నేల మీద ముగ్గుతో పెట్టారు. ఎర్రనేల మీద తెల్లటి అంకెలు, ఒక్కోటి మంచమంత, రైలు ఈ కొస నుంచి ఆ కొస దాకా.

ఇటు పక్క బావ ఇంజను దగ్గర నుంచి బయలుదేరాడు. వెనకే ఆదివారపు లుంగీలో మావయ్య, ఆయన వెనక నేను, నా వెనక మా లైను మొత్తం. తప్పుదారి పట్టించడానికి కొందరు వెధవలు "ఎనిమిది! నాలుగు! తొమ్మిది!" అని నోటికొచ్చిన అంకెలు అరుస్తున్నారు. బావ చెవుల్లో వేళ్ళు పెట్టుకున్నాడు. ఒక పెట్టె మీద నంబరు బురదలో మునిగిపోయింది. ఉన్న ఒక్క మంచి చొక్కా విప్పి తుడిచి, అంకె చూసుకుని, చొక్కా అక్కడే మర్చిపోయి ముందుకి నడిచాడు.

సగం దాటాక రైలు కూత వేసింది. అత్త "ఓలమ్మ" అంది. పెట్టెలు ఒకదాన్నొకటి గుద్దుకుంటూ కదిలాయి. బావ పరిగెడతాడనుకున్నాను. పరిగెత్తలేదు. ఉన్నచోటే కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడిపోయాడు. మిగిలిన పెట్టెలు ఇంజను వైపు పోవాలంటే అతని ముందు నుంచే పోవాలి. మొదట మెల్లగా వచ్చాయి. తర్వాత జోరందుకున్నాయి. తర్వాత నాకు నంబర్లు గీతల్లా కనిపించాయి. బావ మెడనరాలు తాళ్ళలా లేచాయి, కళ్ళు రెప్ప వెయ్యలేదు, పెదాలు మాత్రం కదులుతున్నాయి.

గార్డు పెట్టె దాటింది.

"రెండు" అన్నాడు బావ.

రైలు పోయింది. ఖాళీ పట్టాల అవతల రైలు సంఖ్య మాత్రం నేల మీద తెల్లగా పడుకుని ఉంది. దాని వెంట పిన్నిగారు చీర కొంగు దోపుకుని, వంగి, ఏడుతో భాగించుకుంటూ తన ఎడమ చేతి వైపు నుంచి కుడి చేతి వైపుకి వస్తున్నారు. మేమందరం పట్టాలు దాటి అటు నిలబడ్డాం. ఆవిడ ఆఖరి అంకె దగ్గర నడుం ఎత్తి, బావ ముఖం చూడకుండా చెప్పారు.

"ఐదండీ అన్నయ్యగారూ."

మావయ్య లుంగీ మడిచి కట్టుకున్నాడు. "పద. సంచి సర్దుకో."

"నాది తప్పు కాదు" అన్నాడు బావ.

"పిన్నిగారిది తప్పేటి?"

"అది నాకు తెలీదు. నాది మాత్రం తప్పు కాదు. నాను కదల్ను." పట్టా మీద కూర్చుండిపోయాడు.

పిన్నిగారికి కూడా మనసొప్పలేదు. "ఉండండన్నయ్యగారూ. అంకె ఏదైనా తప్పు పడిందేమో తొమ్మిదితో చూద్దాం. ఏరా, ఎవరైనా తొమ్మిది వేశారా?"

నేను వేశాను. అలవాటు, ఆగదు. "నాకు ఒకటి మిగిలింది పిన్నిగారూ."

ఆవిడ ముగ్గు అంకెలన్నీ కూడుకుంటూ వెళ్ళి వచ్చారు. "నాకూ ఒకటే. అంటే అంకెలు అవే. మరి ఏడు దగ్గర ఏవొచ్చిందర్రా?" మళ్ళీ ఎడమ చివర మొదలుపెట్టి భాగించారు. మళ్ళీ ఐదు. బావ లేచి, ఇంజను నిలబడ్డ చోటికి నడిచి, అక్కడి నుంచి ముగ్గు వెంట గొణుక్కుంటూ వచ్చాడు. మళ్ళీ రెండు.

ఇద్దరూ మధ్యలో ఎదురుపడ్డారు. బావ ఆవిడ వచ్చిన వైపు చూశాడు, తను వచ్చిన వైపు చూశాడు. చటుక్కున ఆవిడ బుట్టలోంచి చిటికెడు ముగ్గు తీసుకుని కూలబడ్డాడు.

"పిన్నీ, మీరెటు నుంచి మొదలెట్టేరు?"

"ఎడమ నుంచి. అంకెలు ఎవరైనా ఎడమ నుంచే కదా చదువుతారు."

"మీకు ఎడం పక్క గార్డు పెట్టె. పట్టాలకి మా పక్క నిలబడితే నాకు ఎడం పక్క ఇంజను. నాను కూడా ఎడం నుంచే." నేల మీద ఇరవై ఒకటి వేశాడు. దాని కింద పన్నెండు వేశాడు. "నాది ఇదీ, మీది ఇదీ. అవే అంకెలు. తొమ్మిదితో సూడండి, రెండిట్లోనూ మూడే. ఏడుతో సూడండి. దీన్లో సున్నా, దీన్లో ఐదు."

పిన్నిగారు నోటి మీద చెయ్యి పెట్టుకున్నారు. "ఓరి నాయనోయ్! తొమ్మిదికి ఎటు నుంచి చదివినా ఒకటేనర్రా! పదకొండైనా అంతే, అటు నుంచి పోతే ఇటు నుంచీ పోతుంది. ఇన్నేళ్ళూ ఆ రెండిటితోనే ఆడుకుంటున్నాం, అందుకే మనకి తెలిసి చావలేదు!"

బావ అప్పటికే గార్డు చివరికి పరిగెత్తాడు. ఆవిడ నడిచిన దారినే, ఆవిడ వైపు నుంచే, ఒక్కో అంకె దాటుకుంటూ వచ్చాడు. రెండు లైన్ల జనం అతని పక్కనే నడిచారు. కుక్క కూడా నడిచింది. ఇంజను చివర ఆగి, "ఐదు" అన్నాడు.

"ఐదేనండీ!" అని అటు లైను ఆడపిల్లలందరూ ఒక్కసారి అరిచారు. రేవులో ఓడలు కదిలాయి.

మావయ్య ముఖం మాత్రం విడలేదు. "ఒక రైలుకి రెండు జవాబులేటి? ఎవులో ఒకలు తప్పవ్వాల కదా."

పిన్నిగారు చెప్పబోయారు. మావయ్య ఆగమన్నట్టు చెయ్యి పైకెత్తాడు. ఎత్తిన ఆ చేతినే అలా చూస్తూ ఉండిపోయాడు. తర్వాత దాన్ని ఓసారి ఎడం పక్కకీ, ఓసారి కుడి పక్కకీ ఊపాడు.

"ఓడ మీద కళాసీ నాకు ఎదురుగా నిలబడి ఎడం అని సెయ్యి సూపిత్తాడు. నాకది కుడి. ఆడూ రైటే, నానూ రైటే. ఎవుడి ఎడమో అడక్కుండా లోడు తిప్పితే కిందోడి కాలు పోద్ది." బావ వైపు తిరిగాడు. "అలగేనా?"

"అలగే నాన్నా."

"మరి ముందు సెప్పొచ్చు కదా, ఎర్రి గుంటడా!" అని, వెళ్ళి పట్టాల పక్కన పడి ఉన్న చొక్కా తీసి దులిపి బావ భుజం మీద వేశాడు. "సెప్టెంబరు రాసుకో."

ఆ రోజు అటు లైనులో ఎవరూ ఆ ముగ్గు తొక్కలేదు. నీళ్ళ బిందెలు పట్టుకుని చుట్టు తిరిగి వెళ్ళారు. సాయంత్రం వాన వచ్చి ఏ వైపు నుంచీ చదవకుండా మొత్తం ఒకేసారి చెరిపేసింది. తర్వాత మా ఆటలో ప్రతి రైలుకీ రెండు జవాబులయ్యాయి, తగువులు నాలుగింతలయ్యాయి. పదమూడుకి ఇంజను వైపు కలిసొస్తుందని ఒకడు, గార్డు వైపని ఒకడు.

ఇప్పుడక్కడ ఆ క్వార్టర్సు లేవు. పిన్నిగారి గుమ్మం ఎక్కడుండేదో నాకు సరిగ్గా తెలీదు. తాత, అత్త, పిన్నిగారు, ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. రైళ్ళు ఉన్నాయి గానీ వాటి వెనక అంకెలు అరిచే పిల్లలు లేరు. బావ ఆ సెప్టెంబరులో లెక్కల్లో తొంభై ఎనిమిది మార్కులు తెచ్చుకుని, ఐటీఐ చదివి, కొలుములు వెలిగే నాటికి లోపలే ఉన్నాడు. ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. ఈ కథ నేను ఎన్ని పెళ్ళిళ్ళలో చెప్పానో నాకే లెక్కలేదు.

ఇక కల్పించింది చెప్పేస్తాను. కాకుల సంగతి, ఓడలు కదిలిన సంగతి మీరే కోసేసుకుని ఉంటారు. మీరు కోయనిది ఒకటుంది. తొంభై ఎనిమిది. అది అబద్ధం.

బావ సెప్టెంబరులో మళ్ళీ తప్పాడు. ప్రశ్నపత్రంలో ఏడూ లేదు, రైలూ లేదు, అన్నీ త్రిభుజాలే. ఫలితం తెలిసిన సాయంత్రం సంచి తనే సర్దుకుని గుమ్మంలో కూర్చున్నాడు. మావయ్య డ్యూటీ దిగి వచ్చి ఆ సంచిని చూశాడు.

"మళ్ళీ పరీచ్చ ఎప్పుడు?"

"మార్చిలో."

"ఏటి రాలేదు?"

"త్రిభుజాలు."

మావయ్యకి త్రిభుజాలు తెలీవు. పిన్నిగారికి తెలుసు. మర్నాటి నుంచి బావ రోజూ పట్టాలు దాటి అటు వెళ్ళేవాడు. మావయ్య చేతనైనది మావయ్య చేశాడు. డ్యూటీ నుంచి రావడం, గ్రీజు చేతులతోనే లైను పక్కన నిలబడి, బండి వస్తే గార్డు పెట్టె దాకా నంబర్లు అరవడం. అవతల పిన్నిగారి అరుగు మీద కూర్చున్న బావకి వినపడాలని ఆ ఓడ కూత గొంతు చిరిగేలా అరిచేవాడు. చలికాలమంతా అరిచాడు.

మార్చిలో బావకి లెక్కల్లో ముప్పై ఐదొచ్చింది. పాసవడానికి కావలసినంత, ఒక్కటి కూడా ఎక్కువ కాదు. ఆ ముప్పై ఐదుని నేను ఇన్నేళ్ళుగా తొంభై ఎనిమిది చేసి చెబుతున్నాను. బావ పక్కనే ఉండి విన్నా ఎప్పుడూ సరిదిద్దలేదు, సిగ్గుపడి నవ్వేవాడు. మావయ్య ఉన్నన్నాళ్ళూ మాత్రం నా పప్పులు ఉడకలేదు. పందిట్లో ఏ మూల కూర్చున్నా సరే, విందులో ఆకు ముందు నుంచి లేచి మరీ అడ్డం వచ్చేవాడు.

"తొంబై ఎనిమిదేటి గుంటడా, ముప్పై ఐదు! గొంతు పోయీలాగ అరిసి తెచ్చినాను నాను."